బ్రీదర్ పైపు దారి మార్చాక: కొన్నేళ్ల వాడకం మీద సమీక్ష

నా 350 సీసీ సింగిల్ సిలిండర్ బండికి, ఇంజను లోపలి గాలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పైపు దారి మార్పించి, మధ్యలో ఆయిల్ తుంపరను పట్టే ఒక డబ్బా పెట్టించి కొన్నేళ్లయింది. విజయవాడ నుంచి గుంటూరుకు జాతీయ రహదారి మీద నిత్యం తిరిగే బండి కాబట్టి, ఈ మార్పు మంచిచెడులను ఎండల్లోనూ వానల్లోనూ చూసిన తరువాతే రాస్తున్నాను.

పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని అడుగున ఉన్న గాలి క్రాంక్‌కేసులో, అంటే ఇంజను కింది పెట్టెలో, నొక్కుకుంటుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన వాయువులు దానికి తోడవుతాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఈ తోపుడు సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఆ ఒత్తిడి బయటపడే దారి బ్రీదర్ పైపు. అది మూసుకుపోతే సీళ్ల దగ్గర, గాస్కెట్ల దగ్గర ఆయిల్ కారుతుంది. మూసుకుపోకపోయినా, ఆ పైపు రెండో కొస ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకే ఉంటుంది కాబట్టి గాలితో పాటు ఆయిల్ తుంపర అక్కడికి చేరుతుంది. మంగళగిరి దాటి కాజా టోల్‌గేట్ వైపు వేగంగా సాగే ప్రయాణాలు ఎక్కువైన నెలల్లో నా ఫిల్టరు కింది అంచు నల్లగా తడిసి, దాని మీద దుమ్ము ముద్దగట్టి ఉండేది.

ఆటోనగర్ మెకానిక్ మొదట సులువైన దారి చెప్పారు: "పైపు చైను పక్కన కిందికి వదిలేద్దామండీ, పాత బుల్లెట్లకి అంతేగా!" పాత పోత ఇనుము ఇంజన్లలో అలా వదిలిన మాట నిజమే గాని, అక్కడ గాలిని బయటికి మాత్రమే పోనిచ్చే రబ్బరు వాల్వు ఉండేది. వాల్వు లేని పైపును తెరిచి వదిలితే, పిస్టన్ పైకి లేచినప్పుడు రోడ్డు దుమ్మును ఇంజను లోపలికి పీల్చుకునే ప్రమాదం ఉంది. కారిన ఆయిల్ వెనక టైరు మీద పడితే ప్రాణానికే ముప్పు. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు క్రాంక్‌కేసు వాయువులను బయటికి వదలనివ్వవు. అందుకే ఇంజను నుంచి డబ్బాకు ఒక పైపు, డబ్బా నుంచి మళ్ళీ ఫిల్టర్ పెట్టెకే మరో పైపు వేయించాను.

పనితనమంతా పైపు వాలులోనే ఉంది. డబ్బా ఇంజనులో పైపు బయలుదేరే చోటు కంటే ఎత్తున ఉండి, పైపు ఎక్కడా పల్లానికి వేలాడకుండా పైకే సాగితే, పైపులో చుక్కలుగా చేరిన ఆయిల్ చాలావరకు తిరిగి ఇంజనులోకే జారుతుంది. మధ్యలో ఒక్క వంపు కిందికి దిగినా అక్కడ ఆయిల్ నిలిచి దారి మూసేస్తుంది. లోపలి వ్యాసం కంపెనీ పైపు కంటే తగ్గకూడదు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పారదర్శక పీవీసీ గొట్టం ఇంజను వేడికి మెత్తబడి మడత పడుతుంది, తరువాత గట్టిపడి పగులుతుంది. ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపే కావాలి. డబ్బా లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కొంచెం కూరితే తుంపర దానికి పట్టి చుక్కలుగా దిగుతుంది. పీచు ముక్కలు ఊడి ఫిల్టర్ వైపు పోకుండా జాలీ మాత్రం తప్పనిసరి.

డబ్బా విప్పితే ఇంజను పరిస్థితి తెలుస్తుంది. మే నెలలో పలుచని నల్లటి ఆయిల్ అడుగున కాస్త ఉంటుంది. డిసెంబరు, జనవరిలో బెంజ్ సర్కిల్, బందరు రోడ్డు చుట్టుపక్కల పొట్టి తిరుగుళ్ళే ఎక్కువైతే, పాల టీ రంగులో నురగలాంటి జిగురు, దాని కింద పెట్రోలు వాసన వేసే నీళ్ళు కనిపిస్తాయి. ఇంజను పూర్తిగా వేడెక్కకపోవడంతో ఆవిరి చల్లబడి చేరిన నీరది. దాన్ని తిరిగి ఇంజనులో పోయకూడదు.

ఫిల్టరు ఇప్పుడు పొడిగా ఉంటోంది, అది స్పష్టమైన లాభం. పికప్ పెరుగుతుందని, మైలేజీ వస్తుందని అమ్మేవాళ్ళు చెప్పే మాటల్లో నాకైతే ఏదీ కనపడలేదు. ఆయిల్‌ను గుర్తు దాటించి నింపితే ఎంత మంచి డబ్బా అయినా త్వరగా నిండిపోతుంది కాబట్టి, డబ్బా కొనే ముందు ఆయిల్ మట్టం సరిచూసుకోవడం మంచిది. ఊళ్ళోనే నెమ్మదిగా తిరిగేవారికి ఈ ఖర్చు అక్కర్లేదు. హైవే మీద నడిపేవారు చేయించుకుంటే, సైలెన్సర్‌కు దగ్గరగా ఉన్న క్లిప్పు దగ్గరే రబ్బరు ముందుగా పగుళ్లిస్తుంది గనుక, ప్రతి సర్వీసులోనూ ఆ చోట పైపును వంచి చూడమని మెకానిక్‌కు చెప్పాలి.