‘డబుల్ ఇండెమ్నిటీ’ బ్లూరే: బొమ్మ సూపర్, సబ్‌టైటిల్సే దండగ

1944 నాటి సినిమా అంటే నమ్మలేం, ప్రింట్ అంత బాగుంది. కిటికీ బ్లైండ్స్ లోంచి పడే వెలుగు చారలు, గాల్లో దుమ్ముతో సహా కనిపిస్తాయి. నా పాత డీవీడీలో అదంతా మసకే.

బీమా ఏజెంట్ నెఫ్, పాలసీదారుడి భార్యతో కలిసి అతన్ని చంపి రైలు ప్రమాదంగా చూపిస్తాడు. రైలు ప్రమాదంలో పోతే పాలసీ మొత్తం 50,000 డాలర్లకి రెట్టింపు వస్తుంది కదా! ఇక్కడ డిటెక్టివ్ పోలీసు కాదు, అదే కంపెనీ క్లెయిమ్స్ మేనేజర్ కీస్. ఆత్మహత్యల లెక్కలు కీస్‌గా వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ గడగడా అప్పజెప్పే సీన్ వెనక్కి తిప్పి మరీ చూశాను. కీస్ చుట్టకి అగ్గిపుల్ల గీసిచ్చేది ఎప్పుడూ నెఫ్ఫే, అదీ బొటనవేలి గోటితో!

సబ్‌టైటిల్స్ మాత్రం రెండో సగంలో మాటల వెనక పడ్డాయి. బిల్లీ వైల్డర్, రేమండ్ చాండ్లర్ రాసిన డైలాగుల జోరుకి అది పెద్ద దెబ్బ. డబ్బా నలిగి వచ్చింది, అది పోనీలెండి.