ఐఎన్ఎస్ విక్రాంత్ సమీక్ష: ఓడకి అయిదులో నాలుగు, దాని మీది విమానాలకి రెండే

మూడో విమాన వాహక నౌక కట్టాలా, ఆ డబ్బు జలాంతర్గాములకి పెట్టాలా? విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లల దగ్గర్నుంచి శ్రీకాకుళంలో నేవీ భర్తీకి పరుగు సాధన చేసే కుర్రాళ్ల దాకా మన రెండు జిల్లాల్లో దీని మీద అభిప్రాయం లేనివాళ్లు తక్కువ. కానీ వాదన ఎప్పుడూ ఓడ ఎంత పొడుగు, చైనా దగ్గర ఎన్నున్నాయి అన్నచోటే తిరుగుతుంది. కొత్తది కొనాలనుకునేవాడు ముందు ఇంట్లో ఉన్నది ఎలా పనిచేస్తోందో చూసుకోవాలి. అందుకే ముందు మన దేశంలోనే కట్టిన వాహక నౌక విక్రాంత్ సంగతి, ఆ తర్వాతే మూడోదాని మాట.

2009లో కొచ్చిన్ షిప్‌యార్డులో కీల్ (ఓడ అడుగు దూలం) వేసి, 2013లో నీళ్లలోకి దించి, 2022 సెప్టెంబర్ 2న నేవీలో చేర్చారు. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు, నిండు బరువు సుమారు 45,000 టన్నులు, ఖర్చు దాదాపు 20,000 కోట్లు. పదమూడేళ్లు పట్టిందని విసుక్కునేవాళ్లు ఉక్కు కథ తెలుసుకోవాలి. మొదట రష్యా నుంచి వస్తుందనుకున్న ఉక్కు రాలేదు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్ఎల్ డీఎంఆర్-249 రకాన్ని తయారుచేస్తే ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ దాన్ని పోత పోసింది. ఆలస్యమైనా ఓడకి పనికొచ్చే ఉక్కు మనదైంది. మూడో ఓడకి ఆ తిప్పలు ఉండవు.

ఇంజన్ విషయంలో విక్రాంత్‌కి తిరుగులేదు. ఎల్ఎం2500 గ్యాస్ టర్బైన్లు నాలుగు, కలిపి 88 మెగావాట్లు, గరిష్ఠ వేగం 28 నాట్లు. దీని విలువ తెలియాలంటే మన దగ్గరున్న మరో వాహక నౌక విక్రమాదిత్యని పక్కన పెట్టి చూడాలి. అది పాత రష్యన్ ఓడ, ఎనిమిది బాయిలర్లతో ఆవిరి మీద నడుస్తుంది. బాయిలర్ వేడెక్కి ఆవిరి పట్టడానికి గంటలు కావాలి, గ్యాస్ టర్బైన్‌కి నిమిషాలు చాలు. 2012 సముద్ర పరీక్షల్లో విక్రమాదిత్య ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. ఆస్బెస్టాస్ వద్దని మనవాళ్లు చెబితే దాని బదులు పేర్చిన ఇటుకలు పూర్తి వేగంలో వేడికి తట్టుకోలేదు. అప్పగింత ఏడాది వెనక్కి పోయి 2013 నవంబర్‌కి చేరింది.

విక్రాంత్ అసలు పరిమితి డెక్ ముందు భాగంలో, పైకి వంగిన ఆ స్కీ జంప్‌లో ఉంది. విమానాన్ని ముందుకి విసిరే యంత్రం, అంటే కాటపుల్ట్, లేదు. విమానం తన ఇంజన్ల బలంతోనే ఆ కొద్ది దూరం పరుగెత్తి గాల్లోకి లేవాలి. నిండా ఇంధనమూ నిండా ఆయుధాలూ కలిపి మోయలేదు, ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఇంధనం తగ్గిస్తే దూరం తగ్గుతుంది, ఆయుధాలు తగ్గిస్తే వెళ్లిన పని సగమే అవుతుంది. పైగా ఎదురుగాలి కావాలి కాబట్టి ఓడ వేగంగా కదులుతూ ఉండాలి. అందుకే రేవుకి వచ్చేముందే విమానాలని గట్టు మీది స్థావరానికి పంపేస్తారు. పడమటి తీరంలో అది గోవాలోని హంస. తూర్పున విశాఖ ఐఎన్ఎస్ డేగా. డేగా రన్‌వేని ఇన్నాళ్లూ పౌర విమానాలతో పంచుకున్నారు. ఆ రాకపోకలు భోగాపురం విమానాశ్రయానికి మారితే లాభం విజయనగరం ప్రయాణికుడికే కాదు, తూర్పు తీరంలో తిరిగే విక్రాంత్‌కి కూడా.

కాటపుల్ట్ లేకపోవడం వల్ల ఇంకో పెద్ద లోటుంది. అమెరికా వాడే ఈ-2డి లాంటి బరువైన నిఘా విమానం స్కీ జంప్ మీంచి ఎగరలేదు. మనకున్నది రాడార్ మోసే కేఏ-31 హెలికాప్టర్. ఎత్తు ఎందుకు ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. నీటికి 40 మీటర్ల ఎత్తున్న రాడార్, అలల మీద 5 మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణిని సుమారు 35 కిలోమీటర్ల లోపలికి వస్తే గానీ చూడలేదు, భూమి గుండ్రం కాబట్టి. గంటకి వెయ్యి కిలోమీటర్ల వేగంతో వచ్చే క్షిపణికి అది రెండు నిమిషాల దూరం. అదే రాడార్ 3,000 మీటర్ల ఎత్తులో ఉంటే 235 కిలోమీటర్ల దాకా చూపు పోతుంది. కేఏ-31 ఆ పని చేస్తుంది, కానీ ఎక్కువసేపు గాల్లో ఉండలేదు. రోజంతా కాపలా కావాలంటే ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి పంపాలి.

ఇక విమానాలు. మార్కులు పోయేది ఇక్కడే. మిగ్-29కె రకం రెండు విడతల్లో 45 కొన్నాం. 2016 కాగ్ నివేదిక ప్రకారం అప్పటిదాకా వచ్చిన 65 ఇంజన్లలో 40 లోపాలతో పక్కకి పోయాయి. ఒంటి సీటు విమానాల సిద్ధత 16 నుంచి 38 శాతం మధ్యే ఉంది. డెక్ మీద దిగడమంటే తీగకి కొక్కెం తగిలించి దడాలున ఆగడం. ప్రతి దిగుడూ విమానానికి గట్టి దెబ్బే, ఆ దెబ్బకి లోపల భాగాలు కదిలిపోతాయి. మంచి ఓడ కట్టి దాని మీద ఇలాంటి విమానాలు పెట్టడం కొత్త మరబోటుకి చిరిగిన వల కట్టినట్టే.

దీనికి మందుగా 2025 ఏప్రిల్ 28న 26 రఫేల్-ఎం విమానాలకి సుమారు 63,000 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. అంకె గమనించండి: విక్రాంత్‌కి అయిన ఖర్చుకి మూడు రెట్లు పైమాటే. అందులో నాలుగు రెండు సీట్లవి, అవి ఓడ మీద పనిచేయవు, శిక్షణకే. మిగిలేవి 22. ముప్పావు వంతు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నాయనుకున్నా 16 మాత్రమే, అదీ రెండు ఓడలకీ కలిపి. విక్రాంత్ ఒక్కటే హెలికాప్టర్లతో కలిపి 30 మోయగలదు. ఇంకో చిక్కు లిఫ్టులది. అవి రెక్కలు మడిచిన మిగ్ కొలతకి కట్టినవి. రఫేల్-ఎం రెక్క మడవదు. డెక్ కింద విమానాలు పెట్టే హ్యాంగర్‌లోకి దించడం, పైకి ఎక్కించడం ప్రతిసారీ కొలుచుకుని చేయాల్సిన పని. అందుకే మూడో ఓడ గీత గీసేటప్పుడు ముందు ఏ విమానమో తేల్చి, ఆ తర్వాతే లిఫ్టు కొలత వేయాలి. మన తేజస్ నేవీ రకం 2023 ఫిబ్రవరిలో విక్రాంత్ మీద దిగి చూపించింది. దాని తర్వాతది, రెండు ఇంజన్ల డెక్ ఫైటర్, ఇంకా రూపకల్పన దశలోనే ఉంది.

మూడోది కావాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. ఒకటి రీఫిట్‌లో (పెద్ద మరమ్మతులో) ఉంటే, ఇంకొకటి పరీక్షల్లో ఉంటే, సముద్రంలో ఒకటైనా ఉండాలంటే మూడు కావాలి. క్షిపణులు వచ్చాక ఈ ఓడలు తేలే లక్ష్యాలన్న మాట కూడా సగమే నిజం. 28 నాట్లంటే గంటకి 52 కిలోమీటర్లు. చూసిన అరగంటకి ఓడ 26 కిలోమీటర్ల అవతల ఉండొచ్చు, అంటే వెతకాల్సిన చోటు రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 1971లో పాత విక్రాంత్ ఒక బాయిలర్ పగిలి నెమ్మదిగా నడుస్తూనే చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడులు చేయించింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముంగిట మునిగింది. 2025 మేలో అరేబియా సముద్రం ఉత్తరాన కొత్త విక్రాంత్ దళం నిలబడింది.

అయితే బంగాళాఖాతంలో ఆ అవసరం తక్కువ. ఇక్కడ గట్టు విమానాలే చేరగలవు. 2020 నుంచి తంజావూరులో బ్రహ్మోస్ క్షిపణులు మోసే సుఖోయ్ యుద్ధ విమానాల దళం ఉంది, అండమాన్ నికోబార్లో రన్‌వేలున్నాయి. కళింగపట్నం నుంచి చింతపల్లి దాకా మన తీరానికి కాపలా కోసం విమాన వాహక నౌక అక్కర్లేదు. అది కావాల్సింది మలక్కా అవతల, హిందూ మహాసముద్రం దక్షిణాన.

మన తీరానికి నిజంగా కావాల్సింది మైన్లు, అంటే శత్రువు నీళ్లలో పెట్టే బాంబులు, ఏరే ఓడలు. దీని గురించి మాట్లాడేవాళ్లు దాదాపు లేరు. ఐఎన్ఎస్ కోళికోడ్ 2019లో సెలవు తీసుకున్నాక నేవీ దగ్గర అలాంటి ఓడ ఒక్కటీ మిగల్లేదు. అడుగున పడి ఉండే మైన్ పైనుంచి పోయే ఓడ అయస్కాంతత్వం, ఇంజన్ చప్పుడు, నీటి ఒత్తిడిలో మార్పు పసిగట్టి పేలుతుంది. అందుకే ఏరే ఓడని ఇనుముతో కట్టరు, ఫైబర్‌తో కడతారు. శబ్దంతో నీళ్లలో వెతికే సోనార్‌తో అడుగు గాలించి, అనుమానం ఉన్నదాని దగ్గరికి చిన్న నీటి రోబోని పంపి పేల్చేస్తారు. చానల్లో ఎక్కడో నాలుగు మైన్లున్నాయన్న అనుమానం చాలు, విశాఖ, గంగవరం, రేపు మూలపేట రేవులు మూతబడతాయి. విక్రాంత్ కూడా బయటికి రాలేదు. పన్నెండు ఓడల పాత ప్రయత్నం బేరాల దగ్గరే రద్దయింది. 2025 జూలైలో మళ్లీ మొదటి ఆమోదం దొరికింది. ఆమోదం తర్వాత టెండరు, బేరం, ఒప్పందం, ఆ తర్వాతే కీల్. ఈలోగా సోనార్, నీటి రోబోలని మామూలు ఓడల మీద పెట్టి వాడటమే దారి.

జలాంతర్గాముల వరస కూడా వెనకబడింది. 1999లో 24 కట్టాలని ముప్పై ఏళ్ల ప్రణాళిక వేసుకుంటే, దాని కింద వచ్చినవి కల్వరి తరగతి ఆరే, చివరిది 2025 జనవరిలో. విశాఖలో కట్టబోయే, అణుశక్తితో నడిచే రెండు దాడి జలాంతర్గాములకి 2024లో అనుమతి వచ్చింది. ఒక ఓడ దళాన్ని వెనక్కి నెట్టే శక్తి ఒక్కోదానికి చాలా ఎక్కువ, అందుకే ఆ డబ్బు కోత పడకూడదు. హిందుస్తాన్ షిప్‌యార్డులో 2023 ఒప్పందం కింద కడుతున్న అయిదు 44,000 టన్నుల సహాయక నౌకలూ అంతే ముఖ్యం. నడిసముద్రంలో ఇంధనం పోసే ఓడ లేకపోతే విక్రాంత్ దళం వెనక్కి తిరిగి రావాల్సిందే.

కాబట్టి కొనుగోలు వరస మా లెక్కలో ఇది: రెండో విడత డెక్ విమానాలు, మైన్ ఓడలు, జలాంతర్గాములు, ఆ తర్వాత మూడో వాహక నౌక. అది 65,000 టన్నుల కాటపుల్ట్ ఓడ కాకుండా, లిఫ్టులు పెంచిన మరో విక్రాంత్ అయితే చాలు. గ్యాస్ టర్బైన్ ఓడలో ఆవిరి ఉండదు కాబట్టి కాటపుల్ట్ విద్యుదయస్కాంతానిదే కావాలి, దానికి ఓడలోని విద్యుత్ ఏర్పాటంతా మార్చాలి. కొచ్చిలో ఆ మందం ఉక్కుని అతకడం నేర్చిన వెల్డర్లు వేరే పనులకి చెదిరిపోకముందే ఆర్డరు ఇవ్వాలి, విమానాల ఒప్పందం మాత్రం దానితో పాటే సంతకం కావాలి.