ఇంజిన్ మార్చిన మియాటాలో మెగాస్క్వర్ట్: కొన్నేళ్లు వాడాక

నాది 1991 మాజ్డా మియాటా, టాపు దించుకునే రెండు సీట్ల చిన్న కారు. కంపెనీ పెట్టిన 1.6 లీటర్ల ఇంజిన్ తీసేసి, 1994-97 మధ్య మియాటాల్లో వచ్చిన 1.8 పెట్టాం. గేర్‌బాక్సుకు నేరుగా బిగుస్తుంది, ఆ పనిలో పెద్ద చిక్కేమీ లేదు. ఈ సమీక్ష ఇంజిన్ గురించి కాదు, దాన్ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) గురించి. పాత ఈసీయూ స్థానంలో మెగాస్క్వర్ట్ అనే, మనమే దిద్దుకోగల ఈసీయూ పెట్టి కొన్నేళ్లుగా డాలస్ ఎండల్లోనూ చలిలోనూ నడుపుతున్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బండి బాగా లాగేలా చేయడం సులువు. తెల్లారి చలిలో ఒక్కసారి తాళం తిప్పగానే స్టార్టయ్యి, సిగ్నల్ దగ్గర నిమ్మళంగా నిలబడేలా చేయడానికే ఏళ్లు పడతాయి.

పాత ఈసీయూతో 1.8 నడవదా అంటే నడుస్తుంది, చాలామంది అలాగే తిరుగుతున్నారు. కానీ 1.6లో గాలిని కొలిచేది ఒక తలుపు లాంటి మీటరు. గాలి తోసే కొద్దీ తలుపు తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుందో చూసి ఈసీయూ పెట్రోలు పంపుతుంది. పెద్ద ఇంజిన్ పై ఆర్‌పీఎమ్‌లో లాగే గాలికి ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నాక, ఇంకెంత గాలి వచ్చినా దానికి తెలియదు. పైగా గాలి దారికి అదే అడ్డం. పోనీ లోపలి ప్రోగ్రాం మారుద్దామంటే ఆ కాలపు బండికి ఓబీడీ-2 పోర్టే (బండి కంప్యూటర్‌కు బయటి పరికరం తగిలించే ప్లగ్గు) లేదు. అమెరికాలో అది తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. ల్యాప్‌టాప్ పెట్టి రాసే దారి లేదు కాబట్టి పెట్టెనే మార్చాలి.

మెగాస్క్వర్ట్ అనేది బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు రూపొందించిన డిజైన్. మొదట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఎవరికి వారు తయారు చేసుకునే కిట్‌గా ఉండేది. ఇప్పుడు మియాటా ప్లగ్‌కు నేరుగా సరిపోయే పెట్టెలు దొరుకుతున్నాయి. నేను కొన్నది అలాంటిదే. ప్రయాణికుడి కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తితే పాత ఈసీయూ ఉంటుంది. దాని ప్లగ్గులు పీకి దీనికి పెట్టడమే. ఇది గాలిని కొలవదు, లెక్క కడుతుంది. మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో) పీడనం ఎంత, గాలి వేడి ఎంత, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్నవి చూసి, లోపలికి వెళ్లే గాలి బరువు అంచనా వేస్తుంది. అందుకని మానిఫోల్డ్ నుంచి పెట్టె దాకా ఒక వాక్యూమ్ గొట్టం లాగాలి, ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టాలి. తలుపు మీటరు తీసేయొచ్చు.

తీసేసే ముందు ఒక సంగతి. 1.6 బండిలో పెట్రోలు పంపును ఆన్‌లో ఉంచే స్విచ్చి ఆ మీటరులోనే ఉంటుంది. మీటరు తీసి, పంపును కొత్త పెట్టెకు అప్పగించకపోతే బండి స్టార్టవుతుంది, తాళం వదలగానే చచ్చిపోతుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు పంపుకు వేరే దారిలో కరెంటు వస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ఇది తెలియనివాళ్లు స్పార్కులు, ఇంజెక్టర్లు అన్నీ విప్పి చూస్తారు. అలాగే మాన్యువల్ గేరు 1.6 బండ్లలో యాక్సిలరేటర్ ఎంత తొక్కామో చెప్పాల్సిన థ్రాటిల్ సెన్సర్ నిజానికి రెండు స్విచ్చులే: కాలు తీశామా, పూర్తిగా తొక్కామా, అంతవరకే. 1.8 థ్రాటిల్ బాడీతో అసలైన సెన్సర్ వస్తుంది, దానికి వైర్లు మార్చుకోవాలి.

స్టార్టయ్యాక మొదట చేయాల్సింది టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, సరిచూడటం. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర కట్టేసి, టైమింగ్ లైటుతో పుల్లీ మీద గీత చూడాలి. తెర మీద 10 అని ఉండి పుల్లీ మీద 14 కనిపిస్తే, ఆ తర్వాత మీరు దిద్దే ప్రతి అంకె నాలుగు డిగ్రీలు తప్పే.

ఇక పెట్రోలు మ్యాపు, అంటే ఏ వేగంలో, ఏ పీడనంలో ఎంత పెట్రోలు పోయాలో గడుల్లో రాసిన పట్టిక. పొగలోని ఆక్సిజన్ చూసి పెట్రోలు ఎంత ఎక్కువైందో, తక్కువైందో చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మెగాస్క్వర్ట్‌ను దిద్దే సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియోలో, డబ్బు కట్టి నమోదు చేసుకున్న వెర్షన్‌లో, బండి నడుస్తుండగానే మ్యాపును దిద్దే సౌకర్యం ఉంది. పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టి హైవే మీద, కాలనీ రోడ్ల మీద తిరుగుతుంటే గడులు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది నాకు బాగా నచ్చింది. కానీ అది పెట్రోలును మాత్రమే దిద్దుతుంది, టైమింగ్ జోలికి పోదు. టైమింగ్ తప్పితే ఇంజిన్‌కు హాని చేసే టకటక చప్పుడును పట్టే నాక్ సెన్సర్ ఆ తరం మియాటాలకు లేదు. ఇంజిన్ లోపల టకటకమంటుంటే చెప్పేవాడు లేడు, టాపు దించుకుని హైవే గాలిలో వెళ్తుంటే మన చెవికి అసలే వినపడదు. కాబట్టి టైమింగ్ కోసం డైనో (బండిని ఉన్నచోటే పరుగెత్తించి బలం కొలిచే యంత్రం) అద్దెకు తీసుకోవడమే మేలు. అక్కడ పెట్టిన డబ్బు దండగ అనుకోను.

వైడ్‌బ్యాండ్ విషయంలో చిన్న జాగ్రత్త. దాని గ్రౌండ్ వైరు, ఈసీయూ గ్రౌండ్ వైరు ఒకేచోట బిగించండి. వేర్వేరు చోట్ల ఉంటే ఫ్యాన్లు తిరిగినప్పుడు, లైట్లు వేసినప్పుడు అంకె జరుగుతుంది. ఆ తప్పుడు అంకెను నమ్మి సాఫ్ట్‌వేర్ మ్యాపంతా చెడగొడుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం. చలిలో స్టార్టింగ్‌కు పెట్రోలు ఎంత ఎక్కువ పోయాలి, స్టార్టయిన మొదటి క్షణాల్లో ఎంత, ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఎంత తగ్గించాలి అన్నవి వేర్వేరు పట్టికలు. వీటిని దిద్దడానికి రోజుకు ఒక్కటే అవకాశం. ఇంజిన్ ఒకసారి వేడెక్కితే మళ్లీ రేపటిదాకా ఆగాలి. టెక్సస్‌లో గడ్డకట్టే చలి ఏడాదికి కొద్ది రోజులే, కాబట్టి ఆ గడులు నిండటానికి శీతాకాలాలు పట్టాయి. కారు కంపెనీల ఇంజనీర్లు బండ్లను మంచు దేశాలకూ ఎడారులకూ ఎందుకు మోసుకెళ్తారో అప్పుడు అర్థమైంది.

ఎండాకాలం బాధ వేరు. పెట్రోలు బంకులో ఐదు నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ తడబడేది. ఆగి ఉన్న బండిలో హుడ్ కింద వేడికి గాలి ఉష్ణోగ్రత సెన్సర్ బాగా వేడెక్కి, లోపలికి వచ్చే గాలి చాలా వేడిగా, పలచగా ఉందని చెబుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. నిజంగా వచ్చే గాలి అంత వేడిగా ఉండదు. సెన్సర్‌ను మానిఫోల్డ్‌కు దూరంగా, ఫిల్టరు వైపు జరిపి, వేడి దిద్దుబాటు పట్టికను కాస్త మెత్తబరిచాక ఆ తడబాటు చాలావరకు పోయింది. ఏసీ వేసిన క్షణంలో ఐడ్లింగ్ (కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కాస్త జారడం మాత్రం ఇప్పటికీ ఉంది. కంపెనీ ఈసీయూలో అది తెలిసేదే కాదు.

పికప్ మాటకొస్తే, తేడా స్పష్టం. కింది ఆర్‌పీఎమ్‌లో 1.8 బలం, పై వేగంలో అడ్డు తొలగిన గాలి, రెండూ తెలుస్తాయి. మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

చట్టం సంగతి కొనేముందే చూసుకోండి. టెక్సస్‌లో ఎమిషన్ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా అది 24 ఏళ్ల లోపు పెట్రోలు బండ్లకే, కాబట్టి నా బండికి ఆ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకు, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ) పరీక్ష తప్పదు, అనుమతి నంబరు లేని ఈసీయూ కనిపిస్తే అక్కడే ఆపేస్తారు. హైదరాబాద్ నుంచి మా తమ్ముడు పాత మారుతి ఎస్టీమ్‌కు ఇలాంటిది చేయొచ్చా అని అడిగాడు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, ఇంజిన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. ముందు అక్కడ కనుక్కోరా అని చెప్పాను.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని లాగ్ ఫైళ్లు చూడటం మీకు సరదా అయితే ఇది కొనండి. తాళం తిప్పి ఆఫీసుకు వెళ్లడమే కావాలంటే, 1.8 ఇచ్చిన బండి నుంచే దాని ఈసీయూ, వైరింగ్, గాలి మీటరు కలిపి తెచ్చుకోండి. వైరింగ్ మార్చే పని ఎక్కువే కానీ, ఆ చలి పట్టికలన్నీ మాజ్డావాళ్లు నింపి ఇచ్చినవే వస్తాయి.