జర్మనీ చాక్లెట్లు: ఏళ్ల తరబడి కొని, తిని, ఇంటికి తెచ్చాక రాస్తున్న సమీక్ష

ఒక్క బార్ మాత్రమే కొనాలంటే ఎర్ర రేపర్ రిట్టర్ స్పోర్ట్ మార్జిపాన్ కొంటాను. పైన డార్క్ చాక్లెట్, లోపల బాదం ముద్ద. మన బాదం బర్ఫీలా ఉంటుందనుకుని కొరికితే నిరాశే. నెయ్యి లేదు, యాలకుల వాసన లేదు. బాదం, చక్కెర కలిపి మెత్తగా నూరిన ముద్దకు చేదు బాదం ఘాటు కాస్త తగులుతుంది. మొదటి బార్‌కే నచ్చకపోవచ్చు. ఆ ఘాటు అలవాటయ్యాక మామూలు పాల చాక్లెట్ చప్పగా అనిపిస్తుంది.

మార్జిపాన్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ముడి ముద్దలో చక్కెర 35 శాతం మించకూడదు. కానీ ఆ ముద్దకు దాని బరువంత చక్కెర మళ్లీ కలిపినా మార్జిపాన్ పేరుతోనే అమ్మొచ్చు. చౌక సరుకు నాలుకకు చక్కెరలా తగలడానికి కారణం అదే. ల్యూబెక్ ఊరి ఎడెల్‌మార్జిపాన్‌లో ముడి ముద్ద 90 పాళ్లు, చక్కెర 10 పాళ్లు. ఆ ఊళ్లో 1806 నుంచి ఉన్న నీడెరెగ్గర్ వాళ్లు అదనపు చక్కెర కలపరు; ధర ఎక్కువైనా తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది. పెర్సిపాన్ అన్న మాట కనిపిస్తే అందులో బాదం బదులు ఆప్రికాట్ గింజల పప్పు వాడారని అర్థం.

రిట్టర్ బార్ చతురస్రంగా ఉంటుంది: 100 గ్రాములు, 16 ముక్కలు. కోటు జేబులో విరగకుండా పట్టే చాక్లెట్ కావాలని 1932లో క్లారా రిట్టర్ చేసిన ఆలోచన అది. రేపర్‌ను కొసల దగ్గర చింపొద్దు. వెనక అతుకు ఉన్న వైపు పైకి తిప్పి, రెండు చేతులా పట్టుకుని మధ్యలో విరిస్తే, బార్‌తో పాటు రేపర్ కూడా అతుకు వెంట తెరుచుకుంటుంది. పిల్లలకు పంచాలంటే షోగెట్టెన్ మేలు. అందులో 18 ముక్కలు ముందే విడివిడిగా ఉంటాయి, విరవాల్సిన పనే లేదు.

పాల చాక్లెట్లలో మనవాళ్లు ఎక్కువగా తెచ్చేది ఊదా రంగు మిల్కా. పుట్టింది స్విట్జర్లాండ్‌లో, 1901లో. జర్మనీలో లోరాఖ్ ఊళ్లో తయారవుతుంది. మామూలు ఆల్పెన్‌మిల్ష్ రకంలో కూడా కొంచెం హేజల్‌నట్ ముద్ద ఉంటుంది. నోట్లో అంత మెత్తగా జారడానికి అదీ ఒక కారణం. నట్స్ పడనివాళ్లకు సాదా రకమే కదా అని ఇవ్వకూడదు. యూరప్ నియమం ప్రకారం పాల చాక్లెట్‌కు కోకో 25 శాతం, పాల పదార్థం 14 శాతం ఉంటే చాలు. నాణ్యతను చాటే మాట చేర్చాలంటే 30, 18 ఉండాలి. నేను 30కి తక్కువున్నవి కొనడం మానేశాను, తీపి తప్ప ఏమీ మిగలదు. ఒకే సైజులో కనిపించే బార్లు 90 గ్రాములో, 100 గ్రాములో కూడా చూసుకోవాలి.

నూగట్ దగ్గర చాలామంది పొరబడతారు. వేరే దేశాల్లో నూగట్ అంటే నమిలే తెల్లటి మిఠాయి. జర్మనీలో మాత్రం వేయించిన హేజల్‌నట్, చక్కెర, కోకో కలిపి వెన్నలా నూరినది. రుచిలో అన్నిటికన్నా గొప్పది ఇదే, చెడడంలో ముందుండేదీ ఇదే. హేజల్‌నట్ నూనె మామూలు ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగానే ఉంటుంది కాబట్టి ముద్ద త్వరగా మెత్తబడుతుంది. ఆ నూనె నెమ్మదిగా పైపొరలోకి పాకి చాక్లెట్ మీద తెల్లటి మచ్చలు తెస్తుంది. నూగట్‌ను జర్మనీలోనే తినేయండి.

డార్క్‌లో సార్ట్‌బిట్టర్ అంటే కోకో ఇంచుమించు 50 శాతం. రిట్టర్ వాళ్ల కోకో తరగతిలో ఘానా 55, నికరాగువా 61, పెరూ 74, మళ్లీ ఘానా 81 శాతం ఉన్నాయి. శాతం పెరిగితే చేదు అంతే పెరుగుతుందనుకోకండి. ఆ లెక్కలో కోకో బటర్ కూడా కలిసి ఉంటుంది. డార్క్ కొత్తవాళ్లు 61తో మొదలుపెట్టడం మంచిది. 81ని పెద్దలకు మొదటిసారే ఇస్తే మందులా ఉందంటారు.

శాకాహారులకు పచ్చచుక్క అక్కడ దొరకదు, పదార్థాల జాబితానే దిక్కు. గెలటీనె (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది), ఐ (గుడ్డు), కార్మిన్ (పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు) అన్న మాటలు వెతకాలి. ఐయర్‌లికోర్ అంటే గుడ్డుతో చేసిన మద్యం. ష్యూస్‌మోల్కెన్‌పుల్వర్ అంటే చీజ్ తయారీలో మిగిలిన తేట పొడి. ఆ చీజ్ కోసం పాలు విరవడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడి ఉండొచ్చు, పట్టింపు ఉన్నవాళ్లు మానుకోవాలి. పిల్లలున్న ఇంటికి రుమ్, వైన్‌బ్రాండ్, కిర్ష్ అన్న మాటలున్న డబ్బాలు తీసుకెళ్లొద్దు, లోపల నిజంగానే మద్యం ఉంటుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు విమానం వల్ల నష్టం తక్కువ, దిగాక కారులోనే కరుగుతుంది. కోకో బటర్ 30 డిగ్రీల లోపే మెత్తబడి, 34 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌కో విజయవాడకో వస్తుంటే డార్క్, సాదా పాల రకాలే తెచ్చుకోండి. పెట్టె నడుమ, బట్టల మధ్య సర్దాలి. బ్రెడ్‌కు పూసే చాక్లెట్ సీసాలు 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో చాలాచోట్ల ఆపేస్తారు.

ఇంటికి చేరాక వేసవిలో ఫ్రిజ్ తప్పదు. నేరుగా పెట్టకుండా జిప్ కవర్లో వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచాలి. తీశాక డబ్బా తెరవకుండా గంటసేపు బయట ఉంచాలి. లేకపోతే గాలిలోని తేమ చాక్లెట్ మీద పట్టి, పైన చక్కెర గరుకుగా తేలుతుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన బార్ మీద కనిపించే తెల్లటి చారలు మాత్రం కొవ్వువి. బూజు అనుకుని పారేయకండి. తరిగి వేడి పాలలో వేసుకుంటే రుచికేమీ లోటుండదు.

కేకుల కోసం కొనేవాళ్లు కూవెర్ట్యూరె (పైపూతకు వాడే చాక్లెట్) అన్న మాట చూడాలి, అందులో కోకో బటర్ కనీసం 31 శాతం ఉంటుంది. ఫెట్‌గ్లాజూర్ అని ఉంటే అది వేరే నూనెలతో చేసిన పూత. పని సులువు, రుచి తక్కువ. డార్క్ కూవెర్ట్యూరెను 200 గ్రాములు తీసుకుని, మూడింట రెండు వంతులు 45 డిగ్రీల వరకు కరిగించాలి. మిగతాది సన్నగా తరిగి వేస్తూ 28కి దించి, మళ్లీ 31కి తేవాలి. గిన్నెలో చుక్క నీరు పడినా మొత్తం ముద్దకడుతుంది. ఇంత చేసి జర్మన్ చాక్లెట్ కేక్ చేద్దామనుకుంటే ఒక మాట: ఆ కేకుకూ జర్మనీకీ సంబంధం లేదు. 1852లో అమెరికాలో తీపి బేకింగ్ చాక్లెట్ తయారుచేసిన శామ్యూల్ జర్మన్ పేరది. దానికి డార్క్ కాదు, తీపి రకమే కావాలి.