మెటా ట్యాగులా, ఓపెన్ గ్రాఫ్ ట్యాగులా: ముందు ఏవి సరిచేయాలి?

ట్యాగులంటే వెబ్ పేజీ కోడ్‌లో రాసే చిన్న వరుసలు. గూగుల్‌లో పేజీ ఎలా కనబడాలో చెప్పేవి టైటిల్ ట్యాగు (పేజీ శీర్షిక), మెటా డిస్క్రిప్షన్ (పేజీ గురించిన చిన్న వివరణ). వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింకు పెడితే వచ్చే బొమ్మ, శీర్షిక మాత్రం ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల చలవ. వీటిని 2010లో ఫేస్‌బుక్ తెచ్చింది.

డిస్క్రిప్షన్ ఎంత బాగా రాసినా, గూగుల్ తనకు నచ్చకపోతే పేజీలోంచి వేరే వాక్యం ఏరి చూపిస్తుంది. మార్పు కనబడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఓపెన్ గ్రాఫ్‌లో దాదాపు మనం రాసిందే వస్తుంది. చిక్కల్లా ఫేస్‌బుక్ లాంటివి దాచిపెట్టుకున్న పాత కాపీతోనే: ఓజీ ఇమేజ్ (ఓపెన్ గ్రాఫ్ ట్యాగులో ఇచ్చే బొమ్మ) మార్చినా పాత బొమ్మే వేలాడుతుంటుంది. ఫేస్‌బుక్‌లో అయితే, వాళ్ల షేరింగ్ డీబగ్గర్ అనే టూల్‌లో లింకు వేసి 'స్క్రేప్ అగైన్' (పేజీని మళ్లీ చదవమనే బటన్) నొక్కితే వదులుతుంది. బొమ్మ 1200×630 పిక్సెళ్లుంటే మంచిది.

జనం సెర్చ్ నుంచే వచ్చే సైటైతే టైటిళ్లతో మొదలుపెట్టండి. అన్ని పేజీలకూ ఒకటే టైటిల్ ఉందా, ఇక మిగతా పనులన్నీ పక్కన పెట్టాల్సిందే.