నోటుబుక్కులు తీసుకోవడం: వరుసల వారీగానా, రోల్ నంబర్ల వారీగానా? ఏది మేలు?

40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరినీ టేబుల్ దగ్గరికి రమ్మంటే, మనిషికి 5 సెకన్లు వేసుకున్నా 200 సెకన్లు. మూడు నిమిషాల పైమాటే. తోపులాట, "టీచర్, ఇంట్లో మరిచిపోయాను" లాంటి సంజాయిషీలు ఇందులో కలపలేదు. తిరిగి ఇవ్వడానికి మరో మూడు నిమిషాలు. పాఠానికి దక్కాల్సిన సమయం ఇలా పోవడం అన్యాయం. అందుకే ఈ పద్ధతిని పక్కన పెట్టి మిగిలిన రెండింటినే పోల్చి చూద్దాం.

వరుసల వారీ పద్ధతిలో చివరి బెంచీ పిల్లలు తమ పుస్తకం ముందువాళ్లకు అందిస్తారు. వాళ్లు తమది దాని మీద పెట్టి ఇంకా ముందుకు పంపుతారు. అలవాటైతే నిమిషంలో పని అయిపోతుంది. ఇక్కడ కీలకం "మీద" అన్న మాటే. అందరూ మీదే పెడితే కట్టలో పైన మొదటి బెంచీ వాళ్లది, అడుగున చివరి బెంచీ వాళ్లది ఉంటుంది. ఇచ్చేటప్పుడు కట్టను మొదటి బెంచీకి ఇస్తే చాలు, ఎవరికి వారు పైది తీసుకుని వెనక్కి పంపుతారు. ఒక్కరు తమ పుస్తకాన్ని కింద దూర్చినా ఈ గొలుసు తెగుతుంది. దిద్దేటప్పుడు టీచర్ ఆ వరుస చెరపకూడదు. ఒక వరుస కట్టను నిలువుగా, తర్వాతి దాన్ని అడ్డంగా పేరిస్తే కట్టలు కలవవు.

దీని అసలు లోపం వేరే ఉంది. 38 పుస్తకాలు వచ్చాయి, రానివి ఎవరివి? హాజరుపట్టీ రోల్ నంబర్ల క్రమంలో ఉంటుంది, కట్ట కూర్చున్న క్రమంలో ఉంటుంది. రెండింటినీ సరిచూడాలంటే ప్రతి అట్టా తిప్పాలి. మొదటి బెంచీ విద్యార్థి ఒక చీటీ మీద వచ్చిన పుస్తకాల సంఖ్య, ఇవ్వనివారి నంబర్లు రాసి కట్ట పైన పెడితే ఈ వెతుకులాట చాలావరకు తప్పుతుంది.

రోల్ నంబర్ల పద్ధతికి కాస్త ముందస్తు ఏర్పాటు కావాలి. నాలుగు మూతలేని డబ్బాలు తీసుకుని 1–10, 11–20, 21–30, 31–40 అని పెద్ద అంకెలతో అతికించాలి. మూత ఉంటే దాని మీదే పుస్తకాలు పేరుకుపోతాయి. పిల్లలు ఉదయం లోపలికి వస్తూనే తమ డబ్బాలో పుస్తకాన్ని వీపు (మడత ఉన్న అంచు) పైకి వచ్చేలా నిలబెట్టాలి. నంబరు అట్ట మీద కాదు, వీపు మీద ఉండాలి. 6, 9 అంకెల కింద గీత తప్పనిసరి, లేకపోతే తలకిందులైనప్పుడు ఒకదాన్ని మరొకటి అనుకుంటారు. నాలుగు డబ్బాలూ ఒకేచోట పెడితే గుమ్మం దగ్గరే జనం మూగుతారు. రెండు ముందు, రెండు వెనక ఉంచడం మంచిది.

డబ్బాలో పది పుస్తకాలను క్రమంలో నిలబెట్టి, అన్ని వీపుల మీదుగా స్కేలుతో ఒక ఏటవాలు గీత గీయండి. ఒక పుస్తకం లేకపోయినా, చోటు మారినా గీత విరిగి కనిపిస్తుంది. చదవనవసరం లేదు, దూరం నుంచే తెలిసిపోతుంది. మార్కులు రిజిస్టరులో ఎక్కించేటప్పుడు పేజీ మీద వేలు వెనక్కీ ముందుకూ తిరగకుండా వరుసగా దిగుతుంది. ఈ పద్ధతి అసలు బలం ఇదే.

మరి ఏది మేలు? రోజువారీ ఇంటిపనిని చూసి టిక్కు పెట్టి వెంటనే ఇచ్చేయాలంటే వరుసల పద్ధతే. పరీక్ష పేపర్లకు, రికార్డులకు, మార్కులు రాసుకోవాల్సిన దేనికైనా రోల్ నంబర్లే. అంకెల క్రమం ఇంకా పట్టుబడని చిన్న తరగతుల్లో డబ్బాకో రంగు కాగితం అతికించి, అదే రంగు ముక్క పుస్తకానికీ అంటించాలి. సీట్లు తరచూ మార్చే తరగతిలో, గుంపులుగా కూర్చోబెట్టే తరగతిలో వరుసల పద్ధతి నిలవదు.

ఏది ఎంచుకున్నా మూడు సంగతులు చూసుకోవాలి. దిద్దాల్సిన పేజీ దగ్గర దారమో కాగితపు ముక్కో పెట్టించండి. పుస్తకానికి 5 సెకన్లు మిగిలినా 40 పుస్తకాలకు మళ్లీ అదే మూడు నిమిషాలు. తెరిచిన పుస్తకాలను ఒకదానిపై ఒకటి పేర్చితే జారిపోతాయి కనుక అలా వద్దు. దిద్దినవి, దిద్దాల్సినవి ఒకే టేబుల్ మీద పక్కపక్కన ఉంటే సాయంత్రానికి కలిసిపోతాయి. ఒకటి టేబుల్ మీద ఉంటే రెండోది అరలో ఉండాలి. గైర్హాజరైన పిల్లల పుస్తకం స్థానంలో వాళ్ల నంబరు రాసిన అట్టముక్క నిలబెట్టండి. వాళ్లు తిరిగి వచ్చిన రోజు పుస్తకం అక్కడ పెట్టి, ఆ ముక్క టీచర్‌కి ఇస్తారు. ఎవరి పని ఇంకా దిద్దలేదో చేతిలోని ముక్కలే చెబుతాయి.