45 అడుగుల బూమ్ లిఫ్ట్: ఏళ్ళ తరబడి నడిపి, విప్పి, బిగించాక

బూమ్ లిఫ్ట్ అంటే పొడవాటి ఇనుప చెయ్యి (బూమ్) చివర బాస్కెట్‌లో మనుషుల్ని ఎత్తులో పనికి లేపే బండి. దాని బ్రోషర్‌లో దొరికే సంగతులు ఇక్కడ రాయను. బండి ఏ తరగతిదో తెలియడానికి నాలుగు ముక్కలు చాలు: మధ్యలో మడత పడే బూమ్, డీజిల్ ఇంజను, నాలుగు చక్రాల డ్రైవ్, బాస్కెట్ చేరే ఎత్తు 13.7 మీటర్లు, మోసే బరువు మనుషులూ పనిముట్లూ అన్నీ కలిపి 227 కిలోలు. ఈ సైజులో పెద్ద కంపెనీలన్నీ బండ్లు చేస్తున్నాయి, లోపలి అమరిక చాలావరకు ఒకే తీరు. అందుకే ఏ కంపెనీది అన్న మాట పక్కన పెట్టి, ఇన్నేళ్ళలో ఏది నిలబడింది, ఏది సతాయించింది అన్నదే చెబుతాను.

ముందే తేల్చేస్తాను. పేరుకి హైడ్రాలిక్ బండే గానీ, పని మధ్యలో ఆగినప్పుడల్లా తవ్వుకుంటూ పోతే ఎక్కువగా బయటపడింది కరెంటు లోపమే. పంపు, జాక్‌లు (ఆయిల్ తోపుతో బూమ్‌ని ఎత్తే సిలిండర్లు), డ్రైవ్ మోటార్లు మొండి ఘటాలు. ఆయిల్ శుభ్రంగా ఉన్నంత కాలం వాటి జోలికి వెళ్ళే అవసరం పెద్దగా రాలేదు. మా ప్రాణం తోడేసింది ఫుట్ స్విచ్ (బండి కదలాలంటే తొక్కి ఉంచాల్సిన పెడల్), కనెక్టర్లు, బూమ్ వెంట బాస్కెట్ దాకా వెళ్ళే కేబుల్.

అందుకని పైనున్న మనిషి "బూమ్ లేవట్లేదు" అని అరవగానే స్పానర్ పట్టుకుని వాల్వ్ బ్లాక్ (ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు ఉండే దిమ్మ) మీద పడకూడదు. మొదట ఎర్ర ఎమర్జెన్సీ బటన్లు రెండూ, పైదీ కిందదీ, బయటికి లాగి ఉన్నాయా చూడండి. నవ్వుకోకండి, సర్వీస్ మనిషిని పిలిపించాక ఈ బటన్ దగ్గర తేలిన కేసులు ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తర్వాత మనిషిని సురక్షితంగా దించి, టర్న్‌టేబుల్ (బూమ్‌ని మోస్తూ చుట్టూ తిరిగే పీఠం) పక్కనున్న కింది కంట్రోల్‌లో తాళం గ్రౌండ్ వైపు తిప్పి, అదే ఫంక్షన్ ఆడించి చూడాలి. బూమ్ చక్కగా లేచిందంటే పంపు, వాల్వు, జాక్ మూడూ బాగున్నట్టే. తేడా పైనున్న బాక్సులోనో, ఫుట్ స్విచ్‌లోనో, మధ్య కేబుల్‌లోనో ఉంది. కింద నుంచి కూడా కదలకపోతే అప్పుడు ఇంజను వైపు తలుపు తెరవండి. నిమిషం పట్టని పరీక్ష ఇది, సగం బండి వెతికే శ్రమ తప్పుతుంది.

ఇక ఫుట్ స్విచ్. బాస్కెట్ అడుగున పడి ఉంటుంది కాబట్టి బూట్ల మట్టి, సిమెంటు నీళ్ళు, వెల్డింగ్ రవ్వలు అన్నీ దాని నెత్తిమీదే. మా బండిలో ఒకసారి కవర్ విప్పితే పెడల్ కింద గట్టిపడిన సిమెంటు పెళ్ళ ఉంది, అది అడ్డుపడి స్ప్రింగు సగమే నొక్కుకుంటోంది. లోపలి చిన్న స్విచ్ కాళ్ళ దగ్గర రాగి పచ్చగా చిలుం పట్టింది, ఒక వైరు మీద తొడుగు చిట్లి లోపలి పోగులు రెండో మూడో మిగిలాయి. గట్టిగా తొక్కితే కాంటాక్ట్ వస్తుంది, కాలు కాస్త సడలితే పోతుంది. పైనున్న ఆపరేటర్‌కి మాత్రం బూమ్ కుదుపులతో ఆగి ఆగి కదులుతున్నట్టు ఉంటుంది, పంపు పోయిందని తీర్మానించేస్తాడు. ఆ స్విచ్ మార్చడం చిన్న పని, పంపు విప్పడం పెద్ద పని. ఏది ముందు చూడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, కొత్త ఆపరేటర్లని కంగారు పెట్టేది. పెడల్ తొక్కి కొన్ని సెకన్లలోగా ఏ జాయ్‌స్టిక్కూ కదపకపోతే, మా బండిలోనైతే 7 సెకన్లు, సిస్టమ్ తనంతట తానే ఆగిపోతుంది. కాలు తీసి మళ్ళీ తొక్కాలి. జాయ్‌స్టిక్ ముందే వంచి తర్వాత పెడల్ తొక్కినా కదలదు. ఇవి లోపాలు కావు, అలా చేసిందే మన ప్రాణం కోసం. అద్దెకు తెచ్చిన ఒక బండిలో ఈ స్విచ్‌కి వైరు కలిపేసి, పెడల్ తొక్కకుండానే నడిచేలా చేసి ఉండటం చూశాను. అలాంటి బండి గేటు దగ్గరే వెనక్కి పంపేయాలి, బేరం అక్కర్లేదు.

కింద నుంచి కూడా ఒక్క ఫంక్షనే కదలనప్పుడు అనుమానం ఆ ఫంక్షన్ వాల్వ్‌ని కరెంటుతో కదిలించే కాయిల్ మీదికి వెళ్తుంది. మల్టీమీటర్ ఉంటే మేలే, లేకపోయినా దారి ఉంది. కాయిల్ నట్టు దగ్గరికి ఇనుప స్క్రూడ్రైవర్ మొన తీసుకెళ్ళి, ఇంకొకరిని స్విచ్ నొక్కమంటే, కరెంటు అందుతుంటే మొన అయస్కాంతంలా లాగుతుంది. బూమ్ కదిలే దారిలో మాత్రం నిలబడొద్దు. లాగుడు లేకపోతే పక్కనున్న అదే రకం కాయిల్ తీసి దీనికి వేసి చూడండి. లోపం కాయిల్‌తో పాటు పక్కకి మారితే కాయిలే పోయింది, మారకపోతే వైరో, కనెక్టరో, రిలేనో, ఫ్యూజో. మొన బాగా లాగుతున్నా బూమ్ కదలకపోతే అప్పుడు వాల్వ్ లోపల ఇరుక్కుందని అర్థం. కనెక్టర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ప్రెషర్ వాషర్‌తో బండి కడిగేవాళ్ళు కంట్రోల్ బాక్సులకీ వాల్వ్ బ్లాక్‌కీ నీటిధార తగలనీయకూడదు. కడిగిన మర్నాడే విచిత్రమైన లోపాలు మొదలయ్యాయంటే కారణం వెతకక్కర్లేదు.

అన్ని ఫంక్షన్లూ కలిసి నెమ్మదిస్తే కథ వేరు. అది ఒక వాల్వ్ తప్పు కాదు, అందరికీ ఆయిల్ పంపే చోట తప్పు. ఆయిల్ లెవెల్, పంపు ఆయిల్ పీల్చే (సక్షన్) వైపు జాలీ, ఇంజను ఆర్‌పీఎం ఈ వరసలో చూస్తాను. పంపు సన్నగా కీచుమంటూ ఉంటే అది ఆయిల్ సరిగా పీల్చుకోవట్లేదు. ట్యాంకులో నురగ కనిపిస్తే సక్షన్ పైపు క్లాంపు దగ్గర గాలి లాగుతోంది. ఇవన్నీ బాగుంటేనే గేజ్ బిగించి ప్రెషర్ కొలవాలి. గేజ్ లేకుండా, ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వ్ స్క్రూ తిప్పే మెకానిక్‌ని ఆ బండి దరిదాపులకి రానివ్వొద్దు. స్పీడు వచ్చినట్టు అనిపించవచ్చు, ఆ తర్వాత పగిలేది హోస్ పైపో సీలో.

టెన్షన్ పెట్టే ఫిర్యాదు ఇంకోటి: సాయంత్రం పైకి ఎత్తి వదిలిన బూమ్ పొద్దున్నకి కాస్త దిగి ఉండటం. ప్రతిసారీ అది లీకు కాదు. హైడ్రాలిక్ ఆయిల్ డిగ్రీకి సుమారు 0.07 శాతం చొప్పున వ్యాకోచిస్తుంది. పగలంతా పనిచేసి వేడెక్కిన ఆయిల్ రాత్రికి 40 డిగ్రీలు చల్లబడితే దాదాపు 3 శాతం కుంచించుకుపోతుంది. మీటరు పొడవు బయటికి వచ్చిన జాక్‌లో అది సుమారు 3 సెంటీమీటర్లు, బూమ్ చివరికి వచ్చేసరికి అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఖాళీ బాస్కెట్‌తో, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఎత్తి, ఇంజను ఆపి, ఒక గుర్తు పెట్టి చూడాలి. అప్పుడూ దిగుతూనే ఉంటే అసలు లోపం ఉన్నట్టు. (ఎత్తిన బూమ్‌తో బండి వదిలి వెళ్ళడమే తప్పు, అది వేరే సంగతి.)

మా బండిలో అలా నిజంగానే దిగింది. అందరూ జాక్ సీల్ కిట్ మార్చాలన్నారు. జాక్ మీదే బిగించి, ఆయిల్ వెనక్కి పోకుండా బూమ్‌ని నిలిపి ఉంచే హోల్డింగ్ వాల్వ్ తీసి, తెల్లగుడ్డ మీద పెట్టి టార్చి వేసి చూస్తే, సీటు అంచున నల్లటి రబ్బరు ముక్క, గోరు చివర కత్తిరించినంత. ఎక్కడో పాత ఓ-రింగ్ (రబ్బరు సీల్ రింగు) చిట్లి ఆయిల్‌తో కొట్టుకొచ్చి అక్కడ ఇరుక్కుంది. దాన్ని తీసి, వాల్వ్ కడిగి, కొత్త ఓ-రింగులు వేస్తే బూమ్ నిలబడింది. సీల్ కిట్ డబ్బాలోనే ఉండిపోయింది. ఇక్కడ ఒక హెచ్చరిక: పైకి ఎత్తి ఉన్న బూమ్‌కి హోల్డింగ్ వాల్వ్ వదులు చేస్తే బూమ్‌ని ఆపేది ఇంకేమీ ఉండదు. పూర్తిగా దించి, లేదా గట్టి ఆధారం మీద నిలిపి, ప్రెషర్ వదిలేశాకే ముట్టుకోవాలి.

ఆ రబ్బరు ముక్క తర్వాత ఆయిల్ విషయంలో నేను చాదస్తుణ్ణి అయిపోయాను. ఆయిల్ పోసే డబ్బా, గరాటు మూతపెట్టి ఉంచుతాం. ట్యాంకు మూత చుట్టూ తుడిచాకే తెరుస్తాం. హోస్ విప్పగానే రెండు చివరలకీ మూతలు. పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టు, అలాంటి ఆయిల్ ఇంకొన్నాళ్ళు నడవనిద్దాం అనుకోవద్దు. ట్యాంకుకి తిరిగొచ్చే ఆయిల్‌ని వడకట్టే రిటర్న్ ఫిల్టర్ మార్చినప్పుడు పాతదాన్ని కోసి మడతల్లో ఏముందో చూడటం మంచి అలవాటు: మెరిసే లోహపు పొడి కనిపిస్తే పంపో మోటారో అరుగుతోంది, నల్లటి ముక్కలైతే సీళ్ళో హోసులో. మాన్యువల్స్ సాధారణంగా మూడు నెలలకి గానీ, 150 లేదా 250 గంటలకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు ఒక తనిఖీ, ఏడాదికి ఒక పెద్ద తనిఖీ చెబుతాయి. దుమ్ములో నడిచే బండికి అదైనా తక్కువే అని నా లెక్క.

హోస్‌లో సన్నటి లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు. 200 బార్ దాటిన ప్రెషర్‌లో సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే ఉంటుంది, పెద్దగా నొప్పీ ఉండకపోవచ్చు, కానీ అది వెంటనే ఆసుపత్రిలో ఆపరేషన్ దాకా వెళ్ళాల్సిన గాయం. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

మెచ్చుకోవాల్సింది ఎమర్జెన్సీ పంపు. ఇంజను ఆగిపోయినా బ్యాటరీ మీద నడిచి బూమ్‌ని దించే చిన్న ఎలక్ట్రిక్ పంపు ఇది. రోజూ పని మొదలుపెట్టే ముందు కొన్ని సెకన్లు నడిపి చూస్తాం. ఎక్కువసేపు నడిపితే మోటారు వేడెక్కుతుంది. బ్యాటరీ డీలా పడితే ఇదీ డీలాయే కాబట్టి, బ్యాటరీని ఇంజను స్టార్ట్ కోసమే అనుకోకూడదు.

నచ్చనివీ ఉన్నాయి. బూమ్ వెంట పోయే కేబుల్, హోసులు ఒకే గొలుసు పెట్టెలో ఇరికించారు. ఒకటి మార్చాలంటే మిగతావన్నీ కదిలించాలి. కాబట్టి అక్కడి హోసులు ఒకటి పోయిందంటే అన్నీ ఒకేసారి మార్చడం లాభం. వాల్వ్ బ్లాక్ వెనక వరసలోని కాయిల్స్‌కి చెయ్యి పట్టదు. బటన్ల మీది బొమ్మలు ఎండకి త్వరగా వెలిసిపోయాయి, ఏ బటన్ దేనిదో గుర్తుపెట్టుకునే స్థితి రాకముందే స్టిక్కర్లు మార్చాలి. స్లూ రింగ్ (టర్న్‌టేబుల్ తిరిగే పెద్ద బేరింగ్) గ్రీజు నిపుల్స్ మాత్రం చేతికి అందేలా ఉన్నాయి, గ్రీజు కొడుతూ టర్న్‌టేబుల్ కొంచెం కొంచెం తిప్పితే చుట్టూ సమంగా పడుతుంది. టైర్ల విషయంలో రాజీ వద్దు: ఫోమ్ నింపిన టైర్లతో వచ్చిన బండికి గాలి టైర్లు వేస్తే బరువు తగ్గి నిలకడ దెబ్బతింటుంది.

పాత బండి కొనేవాళ్ళు మెరిసే పెయింటునీ గంటల మీటర్‌నీ చూసి ఆగిపోకుండా, బాస్కెట్ కంట్రోల్ బాక్సు మూత విప్పించండి. లోపల వైర్లు కంపెనీ కట్టినట్టే ఉన్నాయా, రంగు టేపులూ మెలితిప్పిన అతుకులూ ఉన్నాయా అన్నది చాలా చెబుతుంది. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి, ముందే ఇంజను వేడి చేసి ఉంచితే ఎందుకని అడగండి. బూమ్ దించి, బాస్కెట్‌ని చేతులతో పక్కలకి ఊపి చూడండి: టర్న్‌టేబుల్ దగ్గర టక్కుమన్న చప్పుడు వచ్చిందంటే స్లూ గేరో బేరింగో అరిగింది, దాని ఖర్చు తెలుసుకున్నాకే ధర మాట్లాడండి.